కొత్త కౌన్సెలర్లకు 'మనసులో మనసులు' నేర్పాలా, వద్దా?

భీమవరం కౌన్సెలర్:
వచ్చే నెల నుంచి ఆరుగురు కొత్త కౌన్సెలర్లకు ఆదివారాలు శిక్షణ మొదలుపెడుతున్నాను. అందులో పార్ట్స్ పద్ధతికి, అంటే మనిషి మనసులోని వేర్వేరు 'భాగాల' మాట విడివిడిగా వినే చికిత్సకు, చోటివ్వాలా, వద్దా? ఇవ్వాలనే నా అభిప్రాయం.

అమెరికాలో రిచర్డ్ ష్వార్ట్జ్ అనే ఫ్యామిలీ థెరపిస్టు 1980లలో ఇంటర్నల్ ఫ్యామిలీ సిస్టమ్స్ అనే పేరుతో ఈ పద్ధతిని మొదలుపెట్టారు. తిండి మీద అదుపు తప్పి బాధపడేవాళ్ళు తమలోని 'భాగాల' గురించి చెబుతుంటే, ఒక ఇంట్లోవాళ్ళ తగువు విన్నట్టే విన్నారాయన. ఆయన లెక్కలో ఏ భాగమూ చెడ్డది కాదు. ముందుజాగ్రత్తగా అన్నిటినీ అదుపులో పెట్టేవి మేనేజర్లు. బాధ పైకి రాగానే తాగుడుతోనో మరోదానితోనో ఆర్పేసేవి ఫైర్‌ఫైటర్లు. ఈ రెండూ కాపలా కాసేది పాత గాయాలను మోస్తూ లోపల దాగిపోయిన భాగాలకు, వాటిని ఎగ్జైల్స్ అంటారు. వీటన్నిటినీ ప్రశాంతంగా వినగల 'సెల్ఫ్' ప్రతి మనిషిలోనూ ఉంటుందని ఆయన నమ్మకం.

ఇందులో మనకు కొత్తేముంది? కువైట్ వెళ్ళాలో వద్దో తేల్చుకోలేని తల్లి 'ఒక మనసేమో వెళ్ళిపొమ్మంటోంది, ఇంకో మనసేమో పిల్లల్ని వదిలి ఎలాగంటోంది' అనే కదా అంటుంది! ఆ మాటను పట్టుకోవడం నేర్పితే చాలు.

కాకినాడ సైకియాట్రిస్టు:
నేను ఒప్పుకోను మేడమ్. ఆధారాలు తక్కువ. 2013లో, రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ (ఒక రకం కీళ్ళవాతం) ఉన్న 79 మందితో ఈ పద్ధతి మీద చేసిన పరిశోధనలో నొప్పి, దిగులు తగ్గాయన్నారు, నిజమే. దాన్ని చూపించి టెన్షన్‌కీ తాగుడుకీ అన్నిటికీ వాడేస్తామా? సీబీటీ మీద, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే చికిత్స మీద, వందల పరిశోధనలున్నాయి. కొత్తవాళ్ళకు ముందు అది రావాలి.

నా అసలు భయం వేరు. జాతరప్పుడు అమ్మవారు పూనడం మనందరం చూసిందే. దాన్ని నేను జబ్బు అనను. కానీ చెవిలో ఎవరో తిడుతున్నారని చెప్పే కుర్రాణ్ణి చూసినా ఇంట్లోవాళ్ళు ముందు పూనకమనే అనుకుంటారు. మా దగ్గరకు తెచ్చేసరికి నెలలు గడిచిపోతాయి. అలాంటివాడు మీ శిష్యుల ముందు కూర్చుంటే, వాళ్ళు 'ఆ భాగాన్ని మాట్లాడనివ్వు' అంటారు. అప్పుడు బాధ్యత ఎవరిది?

అమలాపురం కౌన్సెలర్:
డాక్టరుగారి భయం నిజమైనదే. అయినా ఒకరి సంగతి చెప్పాలి, ఆనవాళ్ళు మార్చేశాను. రొయ్యల రైతు. రాత్రి మూడుసార్లు లేచి చెరువు గట్టు మీదకు వెళ్ళి, నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకుంటాడు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే పంట మొత్తం పోతుంది, కాబట్టి ఆ జాగ్రత్త తప్పు కాదు. కానీ చెరువు ఎండగట్టిన నెలలోనూ లేచేవాడు. మళ్ళీ నిద్రపట్టక తాగేవాడు. ఆలోచన మార్చుకోమని రెండు నెలలు చెప్పాను, ఫలితం లేదు. ఒకరోజు 'ఆ లేపే మనసు దేనికి భయపడుతోంది?' అని అడిగాను. చాలాసేపు ఊరుకుని, 1996 నవంబరు 6 రాత్రి గురించి చెప్పాడు. కోనసీమ తుపాను. కొబ్బరిచెట్లు విరిగి పడుతుంటే, అప్పటికి ఎనిమిదేళ్ళ పిల్లాడైన తను నిద్రపోతున్నాడు, లేచేసరికి ఇంటి కప్పు లేదు. 'నేను పడుకుంటే ఏదో ఒకటి పోతుందండి' అన్నాడు.

తాగుడు ఆ రోజుతో మానలేదు. కానీ ఆ లేపే మనసును తిట్టుకోవడం మానేశాడు. ఆ తర్వాతే నిద్ర గురించి మాట్లాడుకోగలిగాం.

పాలకొల్లు నుంచి, ఒకప్పటి క్లయింటు:
నేను థెరపిస్టును కాదండి, ఇవతలి కుర్చీలో కూర్చున్నదాన్ని. ఒక కౌన్సెలర్ రెండో రోజే 'మీలో గాయపడిన పాప ఉంది' అని, దానికి పేరు కూడా పెట్టేశారు. నేను ఆ మాట అనలేదు. నేనన్నది 'మా అమ్మ పోయాక వంటింట్లోకి వెళ్ళబుద్ధి కావడం లేదు' అని. ఆ తర్వాత మూడు నెలలు ఆ పాపను వెతుక్కుంటూ కూర్చున్నాను, అమ్మ కోసం ఏడవనేలేదు. దయచేసి మేం చెప్పని మనిషిని మాలో పెట్టకండి.

భీమవరం కౌన్సెలర్:
పాలకొల్లు అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. పేర్లు పెట్టడం, లోపలి పాపను వెతకడం శిక్షణలోంచి తీసేస్తున్నాను. క్లయింటు తనంతట తాను 'ఒక మనసు' అంటేనే దాని గురించి అడగాలి, అదీ వాళ్ళ మాటతోనే. మొదటి రెండు వారాలు క్లయింట్ల ఊసే ఉండదు. ఎదుటివాళ్ళ ఏడుపు చూడలేక గబగబా సలహా ఇచ్చేసే మనసు తమలో ఎప్పుడు లేస్తోందో ఆరుగురూ గమనించుకోవాలి. నాలో అది చాలా బలంగా ఉంది, పదేళ్ళ దాకా నాకు తెలియలేదు.

డాక్టరుగారూ, ఎవరిని వెంటనే మీ దగ్గరకు పంపాలో చెప్పడానికి ఒక ఆదివారం వస్తారా?

కాకినాడ సైకియాట్రిస్టు:
వస్తాను. కానీ నా క్లాసు మొదటి ఆదివారమే పెట్టండి. చెవికి వినిపించే గొంతుకూ మనసులో మాటకూ తేడా తెలియకుండా మిగతాది మొదలుపెట్టొద్దు. పార్ట్స్ మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు.