మా బాబుకి ఛాతీ లోపలికి గుంటపడి ఉంది, బార్ ఆపరేషన్ చేయించమంటారా?

ప్రశ్న:
నమస్తే అండీ. మా బాబుకి 14 ఏళ్లు. చిన్నప్పటి నుంచే ఛాతీ మధ్యలో కాస్త గుంట ఉండేది, పెద్దయ్యాక అదే సర్దుకుంటుందని అందరూ అంటే మేమూ ఊరుకున్నాం. గత ఏడాదిన్నరలో వాడు ఒక్కసారిగా పొడుగు సాగాడు, దాంతోపాటే గుంట కూడా లోతైంది. ఇప్పుడు ఎవరి ముందూ చొక్కా విప్పడు, ఈతకి రమ్మంటే రాడు, భుజాలు ముందుకి వంచి నడుస్తాడు. పరుగెడితే తోటివాళ్ల కంటే ముందే ఆయాసం వస్తోందంటాడు. సీటీ తీస్తే హాలర్ ఇండెక్స్ (గుంట ఎంత ఎక్కువో చెప్పే అంకె) 3.9 వచ్చింది. నస్ పద్ధతిలో లోపల బార్ పెట్టి మూడేళ్లు ఉంచాలట. అంతకాలం ఛాతీలో లోహపు కడ్డీతో పిల్లాడు ఎలా తిరుగుతాడో తలచుకుంటేనే నాకు నిద్ర పట్టడం లేదు. మా ఆయన "ప్రాణం మీదికేం రాలేదు కదా, వదిలెయ్" అంటున్నారు. వాడు మాత్రం చేయించుకుంటానని పట్టుబడుతున్నాడు. చేయించుకున్నవాళ్లుంటే తర్వాత ఎలా ఉందో దాచకుండా చెప్పండి.

జవాబు 1:
ఆంటీ, నాకు 16 ఏళ్లప్పుడు చేశారు, 19కి బార్ తీసేశారు. ముందు నొప్పి సంగతే చెప్తాను, ఎందుకంటే నాకు అది ఎవరూ సరిగ్గా చెప్పలేదు. మొదటి వారం చాలా కష్టం. నవ్వినా దగ్గినా ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టే ఉంటుంది, మంచం మీంచి సొంతంగా లేవలేం, ఒకరు వీపు కింద చెయ్యి వేసి లేపాలి. నెలన్నర వెల్లకిలానే పడుకున్నా, పుస్తకాల సంచీ మొయ్యలేదు, నడుము పక్కకి తిప్పలేదు. ఊపిరి పీలిస్తే బంతులు పైకి లేచే పరికరం ఒకటి ఇస్తారు, నొప్పిగా ఉందని అది మానేస్తే ఊపిరితిత్తులు సరిగ్గా తెరుచుకోవు, కాబట్టి వాడు తిట్టుకున్నా సరే దగ్గరుండి చేయించండి. మూడో నెల దాటాక లోపల బార్ ఉందన్న సంగతే చాలా రోజులు గుర్తుండేది కాదు. తీసేటప్పుడు మాత్రం ఏమంత లేదు, ఆ రోజే ఇంటికి వచ్చేశా.

ఆయాసం తగ్గింది. అందులో ఆపరేషన్ వల్ల ఎంత, ఆ తర్వాత ధైర్యంగా ఆటల్లోకి దిగడం వల్ల ఎంత అంటే విడదీసి చెప్పలేను.

జవాబు 2:
నేను ఛాతీ సర్జరీ విభాగంలో పనిచేసే డాక్టర్‌నండీ. హాలర్ ఇండెక్స్ అంటే ఛాతీ అడ్డం కొలతని, గుంట లోతుగా ఉన్నచోట రొమ్ము ఎముకకీ వెన్నెముకకీ మధ్య ఉన్న దూరంతో భాగిస్తే వచ్చే అంకె. మామూలుగా 2.5 దగ్గర ఉంటుంది, 3.25 దాటితే ఆపరేషన్ గురించి ఆలోచిస్తాం. కానీ ఒక్క ఆ అంకె చూసి నిర్ణయించకండి. గుండె మీద ఒత్తిడి పడుతోందా అని ఎకో, ఊపిరితిత్తుల పరీక్ష చేయించారా? పిల్లాడు బాగా పొడుగ్గా, సన్నగా, వేళ్లు కూడా పొడుగ్గా ఉంటే మార్ఫాన్ సిండ్రోమ్ (గుండె, రక్తనాళాలు, ఎముకల్ని దెబ్బతీసే జన్యు సమస్య) లేదని తేల్చుకోవాలి. నికెల్ అలర్జీ ఉంటే టైటానియం బార్ వాడాలి, కాబట్టి వాచీ, బెల్టు బకిల్ తగిలిన చోట దద్దుర్లు వస్తాయేమో ముందే చెప్పండి.

1949లో రావిచ్ వివరించిన పాత పద్ధతిలో ఛాతీ ముందు కోసి, వంకరపోయిన తరుణాస్థిని తీసేసేవారు. డొనాల్డ్ నస్ 1987లో మొదలుపెట్టి 1998లో ప్రచురించిన పద్ధతిలో అలా తీసే పని లేదు. రెండు పక్కలా చిన్న గాట్లు పెట్టి, వంచిన బార్‌ని కెమెరాలో చూసుకుంటూ రొమ్ము ఎముక కింద నుంచి దూర్చి తిప్పుతారు, ఎముక పైకి లేస్తుంది. ఇప్పుడు కొన్ని చోట్ల పక్కటెముకల నరాల్ని చల్లబరిచి కొన్ని నెలలు మొద్దుబారేలా చేస్తున్నారు, దాంతో ఆ మొదటి వారం నొప్పి బాగా తగ్గుతుంది. అది ఉందో లేదో తప్పక అడగండి.

రిస్కులు: బార్ ఉన్నచోటు నుంచి పక్కకి జరిగిపోవడం, ఇన్‌ఫెక్షన్, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం. గుండెకి గాయం చాలా అరుదు, కానీ ప్రమాదకరం. అందుకే ఏడాదికి ఇవి ఎన్ని చేస్తారని సర్జన్‌ని మొహమాటపడకుండా అడగండి. బార్ ఉన్నన్నాళ్లూ ఆ వివరం రాసిన కార్డు పిల్లాడి దగ్గర ఉండాలి.

జవాబు 3:
నాకు 31 ఏళ్లకి చేశారు, రెండు బార్లు. పదో రోజున కింద పడ్డ వస్తువు కోసం గబుక్కున ఒక పక్కకి వంగాను, ఒక బార్ తిరిగిపోయింది, మళ్లీ ఆపరేషన్ గదికి వెళ్లాల్సి వచ్చింది. ఆ నెల మా ఇంట్లో అందరికీ నరకమే. ఫలితం కూడా బొమ్మలో చూపించినంత చదునుగా రాలేదు, కింది పక్కటెముకలు కాస్త బయటికే ఉన్నాయి. అయినా మెట్లెక్కితే గుండె దడదడలాడటం పోయింది, దానికే సంతోషం. మీ వాడి వయసులో ఛాతీ ఇంకా సులువుగా వంగుతుంది, నాలా ఆలస్యం చెయ్యొద్దని నా మాట. కానీ పూర్తిగా చదునైపోతుందని మాత్రం వాడికి ఆశ పెట్టకండి.

జవాబు 4:
వాక్యూమ్ బెల్ (గుంట మీద పెట్టుకుంటే గాలి లాగి ఛాతీని పైకి లేపే కప్పులాంటి పరికరం) గురించి అడిగారా? మా పాపకి గుంట తక్కువ లోతు, రోజూ కొన్ని గంటలు పెట్టుకుని ఏడాదిన్నరకి బాగా తేడా వచ్చింది. 3.9కి సరిపోదంటారేమో, అయినా ఒకసారి అడగడంలో తప్పులేదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఎకో ఈ వారమే చేయిస్తున్నాం. రాత్రి ఇవన్నీ మా ఆయనకీ బాబుకీ చదివి వినిపించాను. మూడో జవాబు విని మా ఆయన మరీ టెన్షన్ పడ్డారు, కానీ డాక్టర్ దగ్గరికి తనూ వస్తానన్నారు. బాబు అడిగింది ఒక్కటే, బార్ ఉండగా ఈత కొట్టొచ్చా అని.

జవాబు 1:
నన్ను మూడు నెలలు దాటాక నీళ్లలోకి దిగనిచ్చారు ఆంటీ, మీ డాక్టర్ ఎప్పుడంటారో అడగండి. మొదటిరోజు పక్కల మచ్చలు ఎవరు చూస్తారోనని భయపడ్డా, ఎవరూ చూడలేదు. తమ్ముడికి చెప్పండి.