కల ముందే చెప్పిందా, కబురు విన్నాక మనమే కలిపామా?

ప్రశ్న:
ఏళ్లుగా మాటల్లేని పాత స్నేహితురాలు మొన్న రాత్రి కలలో కనిపించింది, ఏవో మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. సాయంత్రానికల్లా వాళ్ల నాన్నగారు పోయారని మెసేజ్. ఒళ్లు జలదరించింది. ఇది ఊరికే కలిసొచ్చిందంటే మనసు ఒప్పుకోవడం లేదు. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

సమాధానం 1:
ముందు ఆవిడకు ఫోన్ చేసి మాట్లాడండి, మిగతావి తర్వాత. ఆ మెసేజ్ రాకముందే కల సంగతి ఎవరికైనా చెప్పారా, రాసుకున్నారా? లేచిన కాసేపటికే కల చాలావరకు చెరిగిపోతుంది, ఏదో ముఖం, కాస్త దిగులు మిగులుతాయి. కబురు తెలిశాక ఆ ఖాళీలను మనసే పూరిస్తుంది, ఎవరో అమ్మాయి కాస్తా ఆవిడే అయిపోతుంది, దిగులు ఏడుపవుతుంది. మీరు అబద్ధం చెబుతున్నారని కాదు, మీకు నిజంగానే అలా గుర్తుంటుంది. జ్ఞాపకాన్ని మనం ప్రతిసారీ కొత్తగా అల్లుకుంటామని మనస్తత్వవేత్త బార్ట్‌లెట్ 1932లోనే రాశాడు.

ప్రశ్న అడిగినవారు:
రాసుకోలేదండీ. కానీ ఏడుపు మాత్రం స్పష్టంగా గుర్తుంది.

సమాధానం 2:
స్పష్టంగా ఉన్నంత మాత్రాన అది మారలేదని చెప్పలేం. అందుకే కబురు రాకముందు చెప్పిన కలలే లెక్కలోకి వస్తాయి. 1932లో అమెరికాలో వైమానికుడు లిండ్‌బర్గ్ పసిబిడ్డను ఎత్తుకెళ్లారు. బిడ్డ ఏమయ్యాడో తెలియకముందే హార్వర్డ్ మనస్తత్వవేత్తలు ముర్రే, వీలర్ దాని గురించి వచ్చిన కలలు రాసి పంపమని పత్రిక ద్వారా జనాన్ని అడిగితే 1300కు పైగా వచ్చాయి. బిడ్డ చనిపోయినట్టు వచ్చినవి నూటికి సుమారు 5. చనిపోవడం, పూడ్చిపెట్టడం, చుట్టూ చెట్లుండటం, ఈ మూడూ ఉన్నవి 4 మాత్రమే. తర్వాత శవం దొరికింది నిజంగానే చెట్ల మధ్య. ఆ 4 కలలే మన చెవిన పడి ఉంటే ఎంత నమ్మేవాళ్లమో చూడండి!

సమాధానం 3:
పైవాళ్లతో ఏకీభవిస్తాను. ఇంకోటి, వాళ్ల నాన్నగారికి ఒంట్లో బాగాలేదని ఎప్పుడో ఎవరో అనగా విన్నారేమో, అదే కలలోకి వచ్చి ఉండొచ్చు. తెలుసుకోవాలని నిజంగా ఉంటే దిండు పక్కన పుస్తకం పెట్టుకోండి, లేవగానే ఫోన్ ముట్టుకోకముందే తేదీ వేసి రాయండి, దేనితోనూ కలవని కలల్ని కూడా. ఎక్కువమంది వదిలేసేది వాటినే.

ప్రశ్న అడిగినవారు:
నాన్నగారి ఆరోగ్యం గురించి విన్నట్టు గుర్తులేదు, మా ఉమ్మడి స్నేహితుల్ని అడుగుతాను. తనకి ఇప్పుడే ఫోన్ చేస్తున్నా, కల సంగతి మాత్రం ఎత్తను.