చిలీ అదృశ్యాలు: అస్థికలు దొరికితే క్షమాభిక్ష వర్తిస్తుందా?

అంతర్జాతీయ చట్టం తెలిసినవారు ఈ చిక్కుముడి విప్పగలరా? 1973 సెప్టెంబరు 11 సైనిక తిరుగుబాటు తర్వాత చిలీలో ఎందరినో పట్టుకెళ్లి, విల్లా గ్రిమాల్డి వంటి రహస్య నిర్బంధ కేంద్రాల్లో పెట్టి మాయం చేశారు. 1978లో, ఆ తిరుగుబాటుతో అధికారంలోకొచ్చిన పినోచెట్ సైనిక ప్రభుత్వం తన మనుషులకు తానే క్షమాభిక్ష ప్రకటించుకుంది (ఎంత సౌకర్యమో!). అయితే అది 1978 మార్చి 10 వరకు జరిగిన నేరాలకే. ఆచూకీ తేలనంతకాలం అపహరణ కొనసాగుతున్నట్టే, కాబట్టి క్షమాభిక్ష చెల్లదని తర్వాత కోర్టులు అన్నాయి.

మరి అస్థికలు దొరికి, 1974లోనే చంపేశారని తేలితే? ఆ వాదన నిలవదు కదా! అలాంటి కేసుల్లో శిక్షలు దేని ఆధారంగా పడ్డాయి? మానవత్వంపై నేరాలకు క్షమాభిక్ష లేదన్న 2006 నాటి అంతర్ అమెరికా మానవ హక్కుల కోర్టు తీర్పు వల్లనేనా? సంబంధిత తీర్పులు స్పానిష్‌లో ఉన్నా ఫర్వాలేదు, చెప్పండి.