డాంకీ కాంగ్ మొదటి ప్లాట్‌ఫామ్ గేమ్ ఎలా అవుతుంది?

కోడ్‌కూలి:
ప్లాట్‌ఫామ్ గేములకు, అంటే అంతస్తుల మీదుగా సాగే ఆటలకు, ఆద్యం డాంకీ కాంగ్ అని మళ్లీ ఎవరో రాశారు. గొరిల్లా ఎత్తుకుపోయిన అమ్మాయిని కాపాడే ఆ నింటెండో ఆర్కేడ్ ఆట వచ్చింది 1981లో. 1980లోనే జపాన్‌లో స్పేస్ పానిక్ వచ్చింది. అంతస్తులు, నిచ్చెనలు, వెంటపడే గ్రహాంతర జీవులు అన్నీ అందులో ఉన్నాయి. ఇంకేం కావాలి?

గీతలగోపి:
జంప్ కావాలి. స్పేస్ పానిక్‌లో అది లేదుగా! గొయ్యి తవ్వి, అందులో పడ్డ జీవిని కొట్టి కిందికి తోయడమే ఆట. డాంకీ కాంగ్‌లో ఉన్న ఒక్క బటన్ జంప్‌కే. మొదటి స్క్రీన్ చూడండి. వాలుగా ఉన్న దూలాల మీద పీపాలు దొర్లుకుంటూ వస్తాయి. నిచ్చెన దగ్గరికి వచ్చిన పీపా ముందుకే పోతుందో, నిచ్చెన మీదుగా మన నెత్తిన పడుతుందో చివరిదాకా తెలియదు. ఆ టెన్షనే ఆట. పోనీ సుత్తి దొరికింది కదా అనుకుంటే, అది చేతిలో ఉన్నంతసేపు జంప్ లేదు, నిచ్చెన ఎక్కడం లేదు. ఇలా ఆలోచించి పేర్చిన ఆట అంతకుముందు ఏదో చెప్పండి.

లక్కీ_నెల్లూరు:
కింగ్ కాంగ్‌ను కాపీ కొట్టారని నింటెండో మీద కేసు వేసింది కూడా యూనివర్సలే కదా? స్పేస్ పానిక్ వాళ్లే కదా అది?

గీతలగోపి:
కాదు బ్రో. స్పేస్ పానిక్ తీసింది జపాన్ యూనివర్సల్. కేసు వేసింది హాలీవుడ్ యూనివర్సల్, ఓడిపోయింది కూడా.

కోడ్‌కూలి:
పక్కదారి వద్దు. జంప్ లేకపోతే ప్లాట్‌ఫామ్ గేమ్ కాదని ఎవరు రూల్ పెట్టారు? రెండో స్క్రీన్‌లో దూలాలను పట్టి ఉంచే 8 రివెట్లు ఊడగొడితే గొరిల్లా పడిపోతుంది. ఊడగొట్టడానికి వాటి మీద నడిస్తే చాలు.

సీతాఫలం:
రెండోది కాదు, నాలుగోది.

కోడ్‌కూలి:
అమెరికా మెషీన్‌లో మొదటి లెవెల్‌కి రెండే స్క్రీన్లు (ఎత్తును బట్టే వాటి పేర్లు), 25 మీటర్లు, ఆ వెంటనే 100. జపాన్‌లోనే 25, 50, 75, 100 వరసగా వస్తాయి. ఆడి మాట్లాడండి.

లక్కీ_నెల్లూరు:
75లో లిఫ్టు దిగగానే చచ్చిపోతున్నాను. ఏం చేయాలి?

గీతలగోపి:
రివెట్ ఊడిన చోట ఖాళీ వస్తుంది కోడ్‌కూలి గారూ. దాన్ని దాటాలంటే మళ్లీ జంపే. మీకు తారీఖులు తప్ప ఆట పట్టదు. నింటెండో డిజైనర్ మియామోతో ఒక్కడు కూర్చుని ఇదంతా ఊహించి చేశాడంటే అందులో గొప్ప మీకెలా తెలుస్తుంది?

కోడ్‌కూలి:
ఆగండి. ఒక్కడు కూర్చుని చేశాడా? నింటెండోలోనే సీనియర్ గున్‌పే యొకోయ్ పర్యవేక్షణలో చేశాడు, సరే అదలా ఉంచండి. ఆ కోడ్‌లో మియామోతో ఒక్క లైను కూడా రాయలేదు. రాసింది ఇకెగామి త్సుషింకి అనే కాంట్రాక్టు కంపెనీ. ప్రోగ్రాం లోపల తమ పేరు, ఫోన్ నంబరు దాచుకున్నారు, విప్పలేకపోతే మేం నేర్పుతాం అని. ఇంకెక్కడా పేరు లేకపోతే పాపం ఏం చేస్తారు? తర్వాత దాని రెండో భాగం డాంకీ కాంగ్ జూనియర్ కోసం నింటెండో ఆ కోడ్‌ను విప్పి వాడుకుందని 1983లో దావా వేశారు. 1990లో గానీ రాజీ కుదరలేదు. ఇవన్నీ వదిలేసి మియామోతో చేశాడు, మియామోతో చేశాడు అని భజన. నాకు బాగా తెలుసు ఈ సంగతి. రాత్రుళ్లు మేలుకుని మేం రాసిన మాడ్యూల్ క్లయింట్ లోగోతో బయటికొచ్చింది. లాంచ్ ఫొటోలో మా టీం వాళ్లు ఒక్కరూ లేరు.

సీతాఫలం:
ఓహో, స్పేస్ పానిక్ మీద ప్రేమ కాదన్నమాట.

గీతలగోపి:
మీ బాధ మీది. కానీ ఏం రాయాలో వాళ్లకు చెప్పిందెవరు? నింటెండో అంతకుముందు ఆట రాడార్ స్కోప్ అమెరికాలో తన్నేసింది. 3000 మెషీన్లు పంపితే సుమారు 2000 గోదాంలోనే ఉండిపోయాయి. వాటిలో పెట్టడానికి కొత్త ఆట కావాల్సి వచ్చింది. కార్టూన్ పాత్ర పొపాయ్ హక్కులు దొరక్కపోతే గొరిల్లాను, వడ్రంగిని, అమ్మాయిని పెట్టి కథ అల్లింది మియామోతో. ప్రోగ్రామర్లకు ఇదెప్పుడూ లెక్కలోకి రాదు. మా ఆఫీసులో యాప్ స్క్రీన్లన్నీ నేను గీసిస్తే, మీటింగులో ఒకాయన ‘బొమ్మలేగా’ అన్నాడు. ఇంకో మాట, 22వ లెవెల్లో కొన్ని సెకన్లకే టైం అయిపోయి చచ్చిపోతాం. అది కూడా మీ ఇకెగామి ఘనతే కదా?

కోడ్‌కూలి:
లెవెల్‌ను 10తో హెచ్చించి 40 కలుపుతారు, దాన్నిబట్టి టైమర్. 22 దగ్గర 260 వస్తుంది. ఒక బైటులో 255 వరకే పడుతుంది, 256 దగ్గర మళ్లీ 0 నుంచి మొదలవుతుంది కాబట్టి 4 మిగులుతుంది. మామూలుగా ఆడేవాడు అంతదాకా పోడని వదిలేసి ఉంటారు. మీరెప్పుడైనా వెళ్లారా 22 దాకా?

లక్కీ_నెల్లూరు:
నేనింకా 75 దగ్గరే ఉన్నాను. లిఫ్టు సంగతి ఎవరైనా చెప్తారా?