1994 మియాటా: పెట్రోల్ గేజ్ ముల్లు 'ఈ' (ఖాళీ) దగ్గరికొస్తే ట్యాంకులో ఇంకా ఎంత ఉన్నట్టు?

ఫ్రిస్కో_మియాటా
అందరికీ నమస్కారం. నాది 1994 మియాటా (మాజ్దా వాళ్ల రెండు సీట్ల, టాప్ తీసే కారు), 1.8 లీటర్ల ఇంజన్, 5 గేర్ల మాన్యువల్. ట్యాంకు 12.7 గ్యాలన్లు, అంటే 48 లీటర్లు. ఫుల్ కొట్టించాక చాలాసేపు ముల్లు 'ఎఫ్' (ఫుల్) దగ్గరే నిలబడుతుంది, సగం దాటాక గబగబా దిగిపోతుంది. 'ఈ' గీత తాకాక కొట్టిస్తే 10.4 గ్యాలన్లే పట్టింది. డల్లాస్ నుంచి హ్యూస్టన్‌కి సుమారు 240 మైళ్లు, మధ్యలో ఆగకుండా వెళ్లొచ్చా? గేజ్ పాడైందా, లేక దాని తీరే అంతా? ఇంకొకటి, ఇంగ్లండ్ వాళ్లు ఇదే కారుకి గ్యాలన్‌కి 34, 35 మైళ్ల మైలేజీ చెబుతున్నారు. నాకు 28 దాటట్లేదు.

గ్యారేజ్_బాబాయ్
గేజ్ బాగానే ఉందండి. ట్యాంకు నిండా ఉన్నప్పుడు ఫ్లోట్ చెయ్యి (పెట్రోల్ మీద తేలే బుడ్డి ఉన్న కడ్డీ) పైన ఆగిపోతుంది. ఆ మట్టం కన్నా పైన, ఫిల్లర్ గొట్టంలో ఉన్న పెట్రోల్ ఖర్చయ్యేదాకా ముల్లుకి కబురు అందదు. పైగా ట్యాంకు చదరపు డబ్బా కాదు. సీట్ల వెనక, డిక్కీకి ముందు ఉన్న కాస్త చోటులో ఇరికించిన ఆకారం. పైనా కిందా వెడల్పు ఒకటే కాదు కాబట్టి ముల్లు ఒకే వేగంతో దిగదు.

12.7 లోంచి 10.4 తీసేస్తే 2.3 మిగిలాయి. అదంతా రిజర్వ్ అనుకోకండి. అడుగున కొంత పంపుకి అందదు. పంపు పెట్రోల్‌లో మునిగి ఉంటేనే చల్లగా ఉంటుంది కూడా, రోజూ అడుగంటా తోడితే దాని ఆయుష్షు తగ్గుతుంది.

లెక్క 10.4 మీదే వేయండి. 28 మైలేజీకి 291 మైళ్లు. కానీ 5వ గేరులో 70 మైళ్ల వేగానికే ఈ ఇంజన్ నిమిషానికి సుమారు 3,500 చుట్లు తిరుగుతుంది. 75 పైన పట్టుకుంటే, టాప్ తీసేస్తే, హ్యూస్టన్ వైపు దక్షిణపు ఎదురుగాలి తగిలితే 25కి పడిపోవచ్చు. అప్పుడు 260. 240 మైళ్లకి అది మరీ బిగుతు. దారిలో మ్యాడిసన్‌విల్ దగ్గర ఆగి కొట్టించుకోండి, పది నిమిషాల పని.

లెస్టర్_రోడ్‌స్టర్
మైలేజీ తేడా కారుది కాదన్నా, గ్యాలన్‌ది. మా ఇంగ్లండ్ గ్యాలన్ 4.546 లీటర్లు, మీ అమెరికాది 3.785. మీ 28ని 1.2తో గుణిస్తే మా లెక్కలో 33.6. అంటే దాదాపు సమానమే.

టైర్లు ఏ సైజు? కంపెనీ సైజు 185/60 ఆర్14. దాని బదులు 195/50 ఆర్15 వేస్తే చుట్టుకొలత దాదాపు అంతే. 205/50 ఆర్15 వేస్తే మాత్రం చక్రం ఒకటిన్నర శాతం పెద్దది, ఓడోమీటర్ ఆ మేరకు తక్కువ చూపిస్తుంది. ప్రతి 200 మైళ్లకి 3 మైళ్లు కలుపుకోవాలి.

మైలేజీ ఒక్క ట్యాంకుతో తేల్చకండి. అదే బంకు, అదే పంపు, బండి సమంగా ఉన్న నేల మీద నిలిపి, నాజిల్ మొదటిసారి క్లిక్‌మనగానే ఆపాలి. ఆ తర్వాత ఇంకో రెండు నొక్కులు నొక్కితే లెక్క అక్కడే చెడుతుంది. మూడు ట్యాంకుల మైళ్లు కలిపి, మూడు ట్యాంకుల గ్యాలన్లతో భాగించండి.

ఫ్రిస్కో_మియాటా
టైర్లు 205/50. ధన్యవాదాలు. ముల్లు ఒక్కోసారి సగం దగ్గర చటుక్కున పడి మళ్లీ లేస్తుంది. అది కూడా మామూలేనా?

గ్యారేజ్_బాబాయ్
అది మామూలు కాదు. మలుపులో, బ్రేకు వేసినప్పుడు మెల్లగా ఊగితే పెట్రోల్ తొణకడం. తిన్నటి రోడ్డు మీద, ఎప్పుడూ ఒకే చోట పడి లేస్తుంటే సెండర్ (ట్యాంకులో మట్టం కొలిచి గేజ్‌కి చెప్పే యూనిట్) అరిగింది. ఫ్లోట్ చెయ్యి కదిలినప్పుడల్లా చిన్న లోహపు నాలుక ఒకటి రెసిస్టర్ మీద జారుతుంది. ఏళ్ల తరబడి రాసుకున్న చోట నల్లటి పొర పడుతుంది, అక్కడ కనెక్షన్ తెగుతుంది. ఈ కారులో రెసిస్టెన్స్ తక్కువైతే ఫుల్, ఎక్కువైతే ఖాళీ. అందుకే తెగిన చోట ముల్లు కిందికే పడుతుంది. ఎప్పుడూ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంటే ముందు ఎర్త్ వైరు, కనెక్టర్ పిన్నుల తుప్పు చూడాలి. సెండర్ విప్పడం ఆ తర్వాత మాట.

విప్పాల్సి వస్తే ట్యాంకు పావు కన్నా తక్కువ ఉన్నప్పుడు, ఆరుబయట చేయండి. ఫ్యూయల్ పంపు రిలే పీకి, ఇంజన్ స్టార్ట్ చేసి దానంతట అదే ఆగేదాకా నడవనివ్వండి, లైన్లో ప్రెషర్ పోతుంది. డిక్కీలో ఉన్న బ్యాటరీ నెగటివ్ తీసేయండి. సీట్ల వెనక కార్పెట్ ఎత్తితే రేకు మూత కనిపిస్తుంది. మూత తీయకముందే చుట్టూ ఉన్న దుమ్ము వాక్యూమ్‌తో లాగేయండి, లేకపోతే అంతా ట్యాంకులోకే. గొట్టాలకీ వైర్లకీ గుర్తులు పెట్టుకుని, యూనిట్ బయటికి తీసి, ట్యాంకు నోరు గుడ్డతో కప్పండి.

యూనిట్‌ని ట్యాంకుకి దూరంగా తీసుకెళ్లి, మల్టీమీటర్ తగిలించి, ఫ్లోట్ చెయ్యిని కింది నుంచి పైకి చాలా నిదానంగా ఎత్తండి. ఓమ్‌లు సాఫీగా తగ్గుతూ రావాలి. ఎక్కడ అంకె ఎగిరితే అక్కడే జబ్బు. నల్లటి పొర అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్లతో తుడిస్తే వదులుతుంది. ఉప్పు కాగితం పెట్టి రుద్దొద్దు, రెసిస్టర్ పోతుంది. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపండి. లోపల తొణికిన చప్పుడు వస్తే అందులోకి పెట్రోల్ ఎక్కింది, మార్చాల్సిందే. బిగించేటప్పుడు గ్యాస్కెట్ కొత్తది వేయండి. పాతది వేస్తే ఫుల్ ట్యాంకు రోజున కారంతా వాసన.

చెయ్యి వంచి ముల్లుని 'సరిచేసే' పని మాత్రం చేయొద్దు. కింద సరిపోతే పైన తప్పుతుంది.

లెస్టర్_రోడ్‌స్టర్
ట్రాక్ డేకి (రేస్ ట్రాక్ మీద సొంత కారు నడిపే రోజుకి) వెళ్లే ఆలోచన ఉంటే పెట్రోల్ సగానికన్నా తగ్గనివ్వకు. పొడవైన మలుపులో పెట్రోల్ ఒక పక్కకి ఒరిగి పంపు గాలి పీలుస్తుంది, ఇంజన్ తడబడుతుంది. బరువు తగ్గించాలని ట్యాంకు ఖాళీగా ఉంచేవాళ్లున్నారు. 48 లీటర్లంటే సుమారు 36 కిలోలు, 1,040 కిలోల కారుకి అది తెలుస్తుంది, నిజమే. అయినా సగం ఉంచు, తగ్గేది 18 కిలోలే.