మెట్ల బండకు ఓజీ అంచా, హాఫ్ రౌండా? తేల్చండి

చిత్రావతి: అనంతపురంలో ఇంటి పని నడుస్తోంది. బయట 7 మెట్లు, లోపల 18. అన్నిటికీ తాడిపత్రి నల్లబండే, 25 మి.మీ. మందం. అంచుకు ఎస్ ఆకారంలో తిరిగే ఓజీ వంపు కొట్టిస్తే దర్జాగా ఉంటుందని ఇంట్లోవాళ్లు. హాఫ్ రౌండ్, అంటే అంచును అర్ధగుండ్రంగా తిప్పడం, చాలంటాడు మేస్త్రి. తేడా అందంలోనేనా, మన్నికలో కూడానా?

అంచుపని: మేస్త్రి మాట వినండి. నల్లబండ సున్నపురాయి, పొరలు పొరలుగా పేరుకున్నది. గనిలో కూడా ఆ పొర వెంబడే లేపుతారు. ఓజీలో పైన ఉబ్బు, కింద పల్లం, ఆ పల్లం చివర ముందుకొచ్చే సన్నటి పెదవి. 25 మి.మీ. బండలో ఆ పెదవికి మిగిలేది 3, 4 మి.మీ. అంతే, అదీ ఒకే పొర మీద ఆధారపడి. మెట్టెక్కేటప్పుడు బూటు ముక్కు తగిలేది సరిగ్గా అక్కడే. అచ్చం అప్పడం ముక్కలా ఊడొస్తుంది. ఒకచోట ఊడిందా, ఆ వరసంతా పాడుగా కనబడుతుంది.

కుముదం: అయితే లేపాక్షి గుడి సంగతేంది? 16వ శతాబ్దం పని. గుడి అడుగు పీఠం అధిష్ఠానంలో ఓజీలాంటి పద్మం, కుముదం, పైన చూరులాంటి కపోతం, అన్నీ వంపులే కదా. రాతికి వంపు ఆగదంటే ఎట్లా నమ్మేది?

అంచుపని: సామీ, లేపాక్షిది గ్రానైట్, పొర ఉండదు. అక్కడ ప్రతి వంపు వెనకా దిమ్మంత రాయి ఉంది, మనకేమో అంగుళం పలక. ఇంకోటి, మీరు పేరు పెట్టుకున్న కుముదమే నిండుగా ఉబ్బిన రూపం. దాన్ని చిన్నది చేస్తే హాఫ్ రౌండే!

కుముదం: ఆ మాట ఒప్పుకుంటా. కానీ పద్మం వంపు అసలే వద్దంటే మాత్రం ఒప్పుకోను. రాయి మార్చుకుంటే సరిపోయేదానికి వంపును తప్పు పట్టడం దేనికి?

గ్రైండర్‌సామి: రాయి మారిస్తే కుదురుతుంది, ఖర్చే పెరుగుతుంది. 18 మి.మీ. గ్రానైట్ కింద, అంచు వెంబడి అదే మందం, 50 మి.మీ. వెడల్పు పట్టీ అతికిస్తే 36 మి.మీ. మందం వస్తుంది. ఓజీకి అది చాలు. అతికే రెండు ముఖాలూ గరుకు చేసి, దుమ్ము కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. జిగురు ఎపాక్సీయే వాడాలి, రాయి రంగు పొడి కలిపి. చవకని పాలిస్టర్ మాస్టిక్ పెడితే రంగు మారి, అతుకు గీత బయటపడుతుంది. క్లాంపులు బిగించి ఒక రోజు కదపకూడదు.

తర్వాత వంపు చక్రంతో నీళ్లు పోస్తూ కొంచెం కొంచెంగా తీయాలి. ఒకే దెబ్బకు లోతు తీస్తే చక్రం ఎగిరి అంచు పలుగుతుంది. పాలిష్ 50 నంబరు ప్యాడ్‌తో మొదలుపెట్టి 100, 200, 400, 800, 1500, 3000 వరకు. తొందరలో 200 దాటేస్తే ఆ గీతలు 3000 దగ్గర కూడా పోవు. పల్లంలోకి బల్లపరుపు ప్యాడ్ దిగదు. గుండ్రటి కర్రకు మెత్తటి ప్యాడ్ చుట్టి రుద్దాలి. అందుకే సగం ఇళ్లలో ఉబ్బు అద్దంలా మెరుస్తుంది, పల్లం మసకగానే ఉండిపోతుంది. డెలివరీ తీసుకునేటప్పుడు ట్యూబ్‌లైట్ ప్రతిబింబం అంచు మీద పడేలా పట్టి చూడండి. గీత వణికిందంటే వంపు సమంగా రాలేదు.

అంచుపని: ఇంత చేసినా ఆ పల్లంలో దుమ్ము కూచుంటుంది. తడిగుడ్డ లోపలికి పోదు. బయటి మెట్లకైతే అసలే వద్దు.

చిత్రావతి: మరి నల్లబండకు హాఫ్ రౌండ్ కొలతలు చెప్పన్నా.

అంచుపని: నిండు గుండ్రం కూడా వద్దు, బయట వాన తడికి పాదం జారుతుంది. పై మూల 6 నుంచి 8 మి.మీ. గుండ్రం, కింది మూల 2 మి.మీ. ఏటవాలుగా అరగదీస్తే చాలు. మెట్టు నిలువు ముఖం, అదే రైజరు, కంటే బండ 20 మి.మీ. ముందుకు రావాలి. బయట పాలిష్ లేకుండా, అంచుకు 30 మి.మీ. వెనక రెండు గాళ్లు, 2 మి.మీ. లోతు. లోతు పెంచితే పొర లేస్తుంది. కడిగేటప్పుడు యాసిడ్ తగలనీకండి, సున్నపురాయి కాబట్టి మెరుపు చచ్చిపోతుంది.

కుముదం: పద్మం వంపే కావాలంటే మెట్టు ముక్కు మీద కాక, దాని కింద పెట్టండి. చెక్క మెట్లలో ముక్కు గుండ్రంగా ఉంచి, దాని నీడలో పల్లపు పట్టీ కొడతారు. అదే పద్ధతిలో లోపలి మెట్లకు రైజరు పైన టేకు పట్టీ వేయొచ్చు. కాలు తగలదు.

చిత్రావతి: ఇది నచ్చింది. కిటికీ సిల్లుకు ఓజీ పర్వాలేదా?

గ్రైండర్‌సామి: గ్రానైట్ అయితే సరే. కానీ వంపు వెంబడి నీళ్లు వెనక్కు పాకి గోడ మీదికి దిగుతాయి. అడుగున, అంచుకు 20 మి.మీ. లోపల, 6 మి.మీ. వెడల్పు గాడి కోయించండి. నీటిబొట్టు అక్కడే తెగి కింద పడుతుంది.

అంచుపని: బండలు దించుకునే ముందు ఒక్కోదాన్ని సుత్తి కొనతో తట్టండి. ఖంగుమని మోగాలి. మొద్దుగా పలికితే లోపల పొర విడిచినట్టే. దానికి ఏ అంచూ నిలవదు, వెనక్కి పంపండి.