పాత వైన్ ముందు పోయాలా, కొత్తదా?

శనివారం రాత్రి ఆరుగురు స్నేహితులం భోజనానికి కలుస్తున్నాం. నా దగ్గర 1996 నాటి బోర్డో (ఫ్రాన్స్ రెడ్ వైన్) సీసా ఒకటి, 2019 బరోలో (ఇటలీ రెడ్ వైన్) ఒకటి ఉన్నాయి. బరోలో ఇంకా లేతది, టానిన్ల (ద్రాక్ష తొక్కల నుంచి వచ్చే పదార్థాల) వగరు నాలుకను పట్టేస్తుంది. దాన్ని రెండు మూడు గంటల ముందే గాలి తగిలేలా డికాంటర్‌లో (వెడల్పాటి గాజు కూజాలో) పోసి ఉంచుతాను. నా టెన్షన్ అంతా బోర్డో గురించే. ఎన్నో ఏళ్ళుగా దాచుకున్న సీసా, ఇంకొకటి లేదు. మడ్డి అడుగుకు దిగాలని రెండు రోజులుగా నిలబెట్టే ఉంచాను. అంత పాత వైన్‌కు గాలి ఎక్కువ తగిలితే సువాసన త్వరగా పోతుంది కదా, మరి వడ్డించే ముందే తెరవాలా, గంట ముందా? మెత్తబడిన కార్క్ విరగకుండా ఎలా తీయాలి? బరోలో ముందు తాగితే ఆ వగరులో బోర్డో సున్నితమైన రుచి తెలియదేమో. అందుకే పాతదే ముందు పోద్దామనుకుంటున్నాను. ఇలా రెండూ ఒకే పూట రుచి చూసినవాళ్ళు దయచేసి చెప్పండి, ఈ వరస సరైనదేనా?